గ్రాఫు మీద శిఖరం ఏం చెబుతుంది?

హైటెక్ సిటీ అనగానే మనకు కంప్యూటర్లే గుర్తొస్తాయి. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్‌లో మందులు తయారు చేసింది. ఈ నగరం మందులకూ పెట్టింది పేరే. మాత్రలో అసలు మందు ఎంత, మలినం ఎంత అన్నది తేల్చే పద్ధతుల్లో లిక్విడ్ క్రొమటోగ్రఫీ ముఖ్యమైనది. యంత్రం టైమును దశాంశాలతో సహా అచ్చువేసి ఇస్తుంది. అర్థం చెప్పాల్సింది మాత్రం మనమే.

1906లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్, సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకుల రంగులు పట్టీలుగా విడిపోవడాన్ని వివరించాడు. పదార్థం పొడి ఉపరితలానికి అంటుకోవడమే అధిశోషణం. ఎక్కువ అంటుకున్నది ఆలస్యంగా బయటికొస్తుంది.

అయితే ఆలస్యమంతా అధిశోషణం వల్లనే కాదు. సికింద్రాబాదులో ఎక్కిన బస్సు గచ్చిబౌలి చేరడానికి పట్టిన టైములో నడిచిన టైము వేరు, స్టాపుల్లో ఆగిన టైము వేరు కదా! అంటుకోని పదార్థం బయటపడే టైమే ఆ నడక టైము. సి-18 కాలమ్‌లో దీన్ని చూడటానికి తరచు యురాసిల్ వాడతారు. ఒక మందు 6 నిమిషాలకు వచ్చిందనుకోండి. నడక టైము 1.5 నిమిషాలైతే ఆగినది 4.5, నిష్పత్తి 3. వేరే కాలమ్‌లో నడక టైము 3 అయితే నిష్పత్తి 1 మాత్రమే. రెంటిలోనూ శిఖరం 6 దగ్గరే, కాని పట్టు ఒకటి కాదు!

ఇంకో చిక్కుంది. పొడి దుక్కి మొదటి తడిని పీల్చుకుంటుంది. మడి నిండాక మిగతా నీరు ముందుకు పారుతుంది. కాలమ్‌లోనూ అంటుకునే చోట్లకు ఒక లెక్క ఉంది. లాంగ్మ్యూర్ 1918లో ఇచ్చిన సమీకరణం చెప్పేది ఇదే. నమూనా ఎక్కువైతే చోట్లు నిండిపోయి, శిఖరం ముందుకు జరుగుతుంది. ముందువైపు నిటారుగా నిలిచి, వెనక తోక సాగుతుంది. అనుమానమొస్తే నమూనాను పదోవంతుకు పలుచన చేసి మళ్లీ ఎక్కించాలి. టైము మారితే, మొదట చూసినది పదార్థం గుణం ఒక్కటే కాదు, మనం పోసిన మోతాదు కూడా.

చివరి మాట. టైము కలిసినంత మాత్రాన పదార్థం అదేనని రుజువు కాదు. ఒకే బస్సులో దిగినవాళ్లంతా ఒకే ఇంటివాళ్లా? ద్రావణినో కాలమ్‌నో మార్చి చూడాలి. వీలుంటే మాస్ స్పెక్ట్రోమీటరుతో సరిచూడాలి. మలినాన్ని మందనుకుంటే రోగికి నష్టం, మందును మలినమనుకుంటే మంచి సరుకు చెత్తపాలు. అందుకే మిత్రులారా, శిఖరాన్ని చూసేముందు నడక టైము అడగండి, పోసిన మోతాదు అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.