రేషన్ బియ్యం చుట్టూ అల్లుకున్న అపోహలు

అపోహ: ఉచిత బియ్యం వల్లే జనం కూలికి రావడం లేదు.

నాట్ల రోజుల్లో కూలీలు దొరకనప్పుడల్లా వినిపించే మాట ఇది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆహార భద్రత చట్టం కింద మామూలు కార్డుపై మనిషికి నెలకు అందేది 5 కిలోలు. అంటే రోజుకు దాదాపు 165 గ్రాములు, 600 కేలరీల లోపే. బురదలో పొద్దంతా నడుం వంచే మనిషికి కావలసిన శక్తిలో ఇది మూడో వంతు కూడా కాదు. తెలంగాణ ఇస్తున్న 6 కిలోలైనా రోజుకు 200 గ్రాములే. పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్, ఇంటి అద్దె, మందులు అన్నీ కూలి డబ్బుల్లోంచే రావాలి. ఈ బియ్యాన్ని నమ్ముకుని ఏ కుటుంబం పని మానుకోగలదు? పని దొరకని వారంలో పిల్లలు పస్తుండకుండా అది కాపాడుతుంది. తిండిగింజల కోసం అప్పు చేసే అవసరాన్ని తగ్గిస్తుంది. మరీ తక్కువ కూలికి రానని చెప్పే కాస్త ధైర్యం కూడా ఇస్తుందేమో. దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

అపోహ: పొయ్యి వెలిగే ఇంట్లో ఆకలి ఉండదు.

ఆహార అభద్రతను కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 8 ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది, డబ్బు లేక తిండి చాలదేమోనని బెంగపడ్డారా అని. రోజంతా తినకుండా ఉన్నారా అన్నది చివరిది. మన ఇళ్లలో చాలా కష్టం ఈ రెండింటి మధ్యే ఉంటుంది. కూర పోయి పచ్చడి మెతుకులు మిగులుతాయి, గుడ్డు, పాలు ఆగిపోతాయి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తల్లి తింటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, కంచంలో అన్నం తప్ప మరేమీ లేకపోవడం పెద్ద కారణం.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు.

అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి యంత్రంతో మళ్లీ గింజల్లా తీస్తారు. 100 కిలోల బియ్యానికి ఒక కిలో కలుపుతారు. రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలతాయి. అందుకే అనుమానపడి ఏరి పారేస్తారు. ఆ తల్లులను తప్పుపట్టలేం. డిపో దగ్గరే ఎవరైనా నాలుగు ముక్కల్లో వివరించి ఉంటే సరిపోయేది. తలసేమియా ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి వాడాలి.

అపోహ: ఇది సర్కారు దయ.

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు అది పథకం. తర్వాతి ప్రభుత్వాల కాలంలో ధర పెరిగింది, తగ్గింది. 2013లో చట్టం వచ్చాక ఇది హక్కు. గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది వరకూ దీని పరిధిలోకి వస్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అపోహ: వలస వచ్చినవాళ్లు బియ్యం కోసం సొంతూరికే వెళ్లాలి.

అక్కర్లేదు. రాష్ట్రం దాటి రేషన్ తీసుకునే వీలు 2019 ఆగస్టులో దేశంలో మొదట కల్పించిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. శ్రీకాకుళం కార్డున్న మేస్త్రి హైదరాబాద్‌లో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో ఉన్న కుటుంబం తీసుకోవచ్చు. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకు ఇది వర్తించదు, కాబట్టి కార్డు ఏ రకమో ముందే కనుక్కోండి. అర్హత ఉన్నా డీలరు కుదరదంటే 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.