మెడ విరిస్తే తలనొప్పి పోదు

తెల్లారి లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, మెడ తిరగదు. సుక్మాలోనైనా, కుంటలోనైనా, భద్రాచలంలోనైనా దీనికి చెప్పే మాట ఒకటే: నరం మీద నరం ఎక్కింది, మెడ విరిపించుకో. సెలూన్‌లో గడ్డం గీయించుకుంటే ఆ విరుపు ఊరికే దొరుకుతుంది. దీంతో మనుషులు మంచాన పడుతున్నారు కాబట్టి ముందు దీని సంగతే చూడాలి.

నరం మీద నరం ఎక్కదు. మెడ తిప్పినప్పుడు వచ్చే చప్పుడు కీలులోని ద్రవంలో గాలి బుడగది. నరం చోటికి వచ్చిన గుర్తు కానే కాదు. తర్వాత కాసేపు హాయిగా ఉంటుంది, జనం నమ్మేది ఆ హాయినే. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల పక్క రంధ్రాల్లోంచే పైకి పోతాయి. తలను గుంజి తిప్పితే వాటి లోపలి పొర చిరగొచ్చు. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతమే. 2022లో హైదరాబాద్‌లో యాభై ఏళ్ల మహిళకు పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా, మెడ వెనక్కి వంచి ఉంచినందుకే పక్షవాతం వచ్చిందని అపోలో న్యూరాలజిస్టు సుధీర్ కుమార్ చెప్పారు. అక్కడ మెడ ఎవరూ విరవలేదు! 2017లో ఢిల్లీ ప్రాంతంలో సెలూన్‌లో మెడ విరిపించుకున్న ఒకాయనకు ఊపిరి ఆడించే నరాలు దెబ్బతిన్నాయి. పైగా ధమని చిరిగినప్పుడు మొదట కనిపించేవి మెడనొప్పి, తలనొప్పే. అప్పుడు మళ్లీ మెడ తిప్పిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మెడ నుంచి తలనొప్పి రావడం మాత్రం నిజమే, ఒప్పుకోవాలి. మెడ పైభాగపు మూడు నరాలు, ముఖపు నొప్పి మోసుకొచ్చే నరం వెన్నుపాము పైకొసన ఒకేచోట కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి కంటి వెనక తెలుస్తుంది. కట్టెల మోపులు మోసేవాళ్లకు, తునికాకు కోసేవాళ్లకు మెడ పట్టేయడం మామూలే. వేడి కాపడం, పల్చటి దిండు, మెడను మెల్లగా ఆడించడం చాలు. మెడ కింది భాగంలో నరం నొక్కుకుంటే నొప్పి చేతిలోకి పాకుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పట్టు సడలుతుంది. అప్పుడు డాక్టర్‌కు చూపించాలి.

ఎక్స్‌రేలో మెడ ఎముకల అరుగుదల కనిపిస్తే నొప్పికి అదే కారణమనుకోవద్దు, అది నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుంది. ఇక బీపీ, విపరీతంగా పెరిగితే తప్ప తలనొప్పి తేదు. నొప్పి బిళ్లలు నెలలో పది పదిహేను రోజులు మింగుతుంటే ఆ బిళ్లలే తలనొప్పి తెస్తాయి. చలికాలంలో తలుపులు మూసి నిప్పులు పెట్టుకుని పడుకున్న ఇంట్లో అందరూ తలనొప్పితో లేస్తే అది విషవాయువు పని. వెంటనే అందరూ బయటికి రావాలి.

బస్తర్‌లో ఇంకో సంగతి. తలనొప్పికి జ్వరం, చలి తోడైతే మెడ సంగతి పక్కనపెట్టి మలేరియా పరీక్ష చేయించాలి. జ్వరం లేనివాళ్లలోనూ క్రిమి దాగి ఉంటుందనే 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త మితానిన్‌ను అడగండి, వేలి నుంచి రక్తపు చుక్క చాలు. జ్వరంతో గడ్డం ఛాతీకి వంగకపోయినా, మగత, మూర్ఛ కనిపించినా అది మెదడుకు పాకిన జబ్బు కావచ్చు. అదే పూట ఆసుపత్రికి చేర్చాలి.

ఇప్పటికే మెడ విరిపించుకున్నవాళ్లకు తల తిరగడం, నడక తూలడం, మాట తడబడటం మొదలైతే పడుకుంటే తగ్గుతుందని ఆగొద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. 108కి ఫోన్ చేయండి. మెడ విరిచారని, ఏ వేళ విరిచారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.