కంటి చుక్కలు: వేసిన మందులో లోపలికి చేరేది 5 శాతం లోపే.. ఎందుకో తెలుసా?

పత్తి ఏరడం, వరి కోతలు, వడ్లు తూర్పారబట్టడం.. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పొలం పనులకు వెళ్లే వాళ్ల కంట్లో ఏదో ఒకటి పడటం మామూలే. వడ్ల పొట్టు పడినా, ఆకు గీరుకున్నా చాలామంది మెడికల్ షాపుకెళ్లి ఏదో ఒక చుక్కల మందు తెచ్చుకుంటారు. రెండు చుక్కలు వేస్తే తగ్గిపోతుందిలే అనుకుంటారు. కానీ ఆ చుక్కలోని మందు సాధారణంగా 5 శాతం కూడా కంటి లోపలికి వెళ్లదు.

మిగతాది ఎటు పోతుంది?

ఒక్క చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కన్ను పట్టుకోగలిగేది మహా అయితే 30. ఎక్కువైంది చెంప మీదికి కారిపోతుంది. కొంత కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. చుక్కలు వేసుకున్నాక గొంతు చేదుగా అనిపించేది అందుకే.

కాపలాయే అడ్డు

మిగిలిన మందు కార్నియాను దాటాలి. నల్లగుడ్డు ముందుండే ఈ పారదర్శక పొరలో పైభాగం కొవ్వు స్వభావంతో, మధ్యభాగం నీటి స్వభావంతో ఉంటాయి. నీళ్లలో కరిగే మందుకు పైన, కొవ్వులో కరిగే మందుకు మధ్యలో ఆటంకం.

పైగా కణాల పొరల్లో ట్రాన్స్‌పోర్టర్లు అనే ప్రోటీన్లు గేట్లలా పనిచేస్తాయి. కొన్ని అమైనో ఆమ్లాల వంటి పోషకాలను లోపలికి తీసుకుంటాయి. పి-గ్లైకోప్రోటీన్ లాంటివి మాత్రం లోపలికొచ్చిన మందును మళ్లీ బయటకు తోసేస్తాయి. విషాల నుంచి కంటిని కాపాడే ఏర్పాటే మందుకూ అడ్డం పడుతోందన్నమాట.

మరి ఆ గేట్లనే వాడుకుంటే? ఎసైక్లోవిర్ అనే వైరస్ మందుకు వాలిన్ అనే అమైనో ఆమ్లాన్ని జోడిస్తే వాలాసైక్లోవిర్ అవుతుంది. ఈ మాత్ర వేసుకుంటే పేగుల్లోని ట్రాన్స్‌పోర్టరే దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఇదే పద్ధతి కంటి చుక్కలకూ పనికొస్తుందా అని ల్యాబుల్లో పరిశోధనలు జరిగాయి.

రైతులకు ఎందుకు ముఖ్యం?

ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996-2000 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించింది. అందులో ఆదిలాబాద్ జిల్లా వాళ్లూ ఉన్నారు. కార్నియా దెబ్బతిని చూపు పోవడానికి ఇన్ఫెక్షన్లు, గాయాలే ప్రధాన కారణాలని, చాలావరకు నివారించదగ్గవేనని ఆ అధ్యయనంలో తేలింది.

గీరుకున్న చోట ఫంగస్ చేరితే నాటమైసిన్ చుక్కలు వాడతారు. ఇవి కార్నియా లోతుకు సరిగా దిగవు. డాక్టర్లు మొదట్లో గంట గంటకూ వేయమనేది అందుకే. పుండు లోతుకు పోయాక మందు అందడం కష్టం. ఈలోగా సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఫంగస్ ఇంకా ముదురుతుంది.

ఇలా వేసుకోండి

* చేతులు కడుక్కుని, కింది రెప్పను కాస్త లాగి ఒక్క చుక్క వేస్తే చాలు.
* కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో మెల్లగా 2 నిమిషాలు నొక్కి పట్టాలి. మందు గొంతులోకి జారదు.
* రెండో మందు వేయాలంటే కనీసం 5 నిమిషాలు ఆగాలి.
* దెబ్బ తగిలాక ఎరుపు, నొప్పి, తెల్లమచ్చ, మసక కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.