ముందు వీనికి తినిపించి వస్తానుమ్మా!

గేముల్లో ఆకలి లెక్క మారుతోంది... ఆ లెక్క మన నేలకు కొత్త కాదు

వెంగల్ (తిరువళ్లూరు జిల్లా): 'రేయ్, సంగటి ఆరిపోతా ఉంది. రారా!'... లోపల్నుంచి అమ్మ కేక. 'ఉండుమ్మా, ముందు వీనికి తినిపించి వస్తా. లేకుంటే చచ్చిపోతాడు'... అరుగు మీంచి కొడుకు జవాబు. ఆ 'వీడు' తమ్ముడు కాదు, పక్కింటి పిల్లాడూ కాదు. సెల్‌ఫోను తెర మీద గొడ్డలి పట్టుకుని అడవిలో తిరిగే బొమ్మ మనిషి! సెలవులొస్తే వెంగల్, తామరైపాక్కం, పెరియపాళయం వైపు తెలుగిళ్లలో ఇలాంటి మాటలు వింతేమీ కాదు. తన కడుపు సంగతి మరిచి బొమ్మ కడుపు కోసం బెంగపెట్టుకునే పిల్లల్ని చూసి నవ్వాలో, రెండు తగిలించాలో తెలీక పెద్దోళ్లు ఊరుకుంటున్నారు.

నవ్వితే నవ్వుకోవచ్చు గానీ, ఆ బొమ్మ ఆకలి వెనక పెద్ద కసరత్తే ఉంది. వీటిని 'సర్వైవల్ గేములు' అంటారు. శత్రువును చంపడం కన్నా ముందు తాను బతికి బట్టకట్టడమే ఇక్కడ ఆట. కట్టెలు కొట్టాలి, గుడిసె వేసుకోవాలి, వేటాడాలి, వండుకోవాలి. తెర మీద ఓ మూల ఆకలి గీత తరుగుతూ ఉంటుంది. అది అడుగంటితే ప్రాణం మీదికొస్తుంది. ఆ గీత ఎంత వేగంగా తరగాలి, ఏది తింటే ఎంత నిండాలి అనే లెక్కలు వేయలేక గేములు తయారుచేసేవాళ్లు తలలు పట్టుకుంటున్నారు. వేసిన లెక్కను మళ్లీ మళ్లీ చెరిపి రాస్తున్నారు.

కొరడాగా పుట్టిన ఆకలి

ఈ కథ ఇప్పటిది కాదు. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో డాన్ రావిట్ష్, బిల్ హైన్‌మన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అనే ముగ్గురు కుర్రాళ్లు బడిపిల్లలకు చరిత్ర చెప్పడానికి 'ఒరెగాన్ ట్రెయిల్' అనే ఆట కట్టారు. బండ్లు కట్టుకుని పడమటికి వలసపోయే కుటుంబం కథ అది. ఎడ్లకెంత, తిండికెంత, తూటాలకెంత ఖర్చుపెట్టాలో ముందే తేల్చుకోవాలి. దారిలో అరకొరగా తినాలా, మధ్యస్తంగానా, కడుపు నిండానా... అదీ ఆడేవాళ్లే చెప్పాలి. పొదుపు చేస్తే జబ్బు, దుబారా చేస్తే దారిలో పస్తు!

1980లో వచ్చిన 'రోగ్' ఆటలో ఆకలి పని ఇంకోటి. పాతాళంలాంటి గదుల్లో ఆటగాడు ఒకేచోట తచ్చాడకుండా ముందుకు తరమడం. తినకుంటే ముందు ఆకలి, ఆపైన నీరసం, చివరికి సొమ్మసిల్లడం. అంటే ఆకలి అక్కడ తిండి గురించి కాదు, అదొక కొరడా. తర్వాత ముప్ఫై ఏళ్లు చాలా గేములు ఆ కొరడానే పట్టుకుని నడిచాయి.

కెనడాలోని క్లై కంపెనీ 2013లో తెచ్చిన ఆటకైతే పేరే 'డోంట్ స్టార్వ్'. ఆకలితో చావకురా అని! అందులో విల్సన్ అనే మనిషి కడుపు 150 పాయింట్లు. రోజుకు 75 హరించుకుపోతాయి. ఆటలో రోజంటే 8 నిమిషాలే. అంటే నిండు కడుపు 16 నిమిషాల్లో ఖాళీ! మనవాడు ఫోను పట్టుకున్న గంటలో ఆ విల్సన్‌కు దాదాపు నాలుగు మార్లు కడుపు మాడుతుంది. అమ్మ పిలిస్తే లేవకపోవడానికి కారణం ఇదీ.

సంగటికీ బొరుగులకీ తేడా

ప్రపంచమంతా ఆడే 'మైన్‌క్రాఫ్ట్'లో మొదట్లో ఆకలే లేదు. దెబ్బ తగిలితే రొట్టెనో మాంసమో నోట్లో వేసుకుంటే చాలు, మందుబిళ్ల వేసుకున్నట్టు ప్రాణం తిరిగొచ్చేది. 2011 సెప్టెంబరులో స్వీడన్ కంపెనీ మొజాంగ్ దీన్ని తిరగరాసింది. తెర మీద పది కోడికాళ్ల వరుస వచ్చింది. తినడానికి కాస్త సమయం పట్టేలా చేశారు. పరుగెత్తితే ఆకలి త్వరగా వేస్తుంది. కోడికాళ్లు మూడుకు పడిపోతే ఇక పరుగు లేదు, నడకే. కడుపు బాగా నిండి ఉంటే గాయాలు వాటంతటవే మానతాయి.

అన్నిటికన్నా తెలివైన పని తెర మీద కనబడదు. ప్రతి తిండికీ రెండు లెక్కలున్నాయి. ఒకటి కడుపు ఎంత నిండింది, రెండోది ఎంతసేపు నిలుస్తుంది. వండిన మాంసం తింటే 8 పాయింట్లు నిండుతాయి, నిలవ పాయింట్లు 12.8. బిస్కెట్ తింటే 2 పాయింట్లు, నిలవ 0.4 మాత్రమే. ఇదేం లెక్కరా అని బుర్ర గోక్కోనక్కర్లేదు. సంగటి తిని మడి దున్నినోడికీ, బొరుగులు తిని దున్నినోడికీ తేడా ఏమిటో తిరువళ్లూరు రైతును అడిగితే చెబుతాడు.

ఎంత తక్కువ పెడితే చావడు?

అసలు చిక్కు 'ది లాంగ్ డార్క్' ఆటలో బయటపడింది. కెనడా మంచు అడవుల్లో ఒంటరి మనిషి కథ ఇది. ప్రతి తిండికీ కేలరీల లెక్క ఉంది. ఆటగాళ్లు గడుసువాళ్లు కదా, లొసుగు పట్టేశారు. ఆకలితో పోయే ప్రాణం కొంచెం, నిద్రలో తిరిగొచ్చేది ఎక్కువ. ఇంకేం! పగలంతా మాడ్చి, పడుకోబోయే ముందు నాలుగు మెతుకులు పడేస్తే సరి. ఉన్న తిండి రోజుల తరబడి వచ్చేది. లెక్క ప్రకారం ఇది గెలుపే. చూస్తే మాత్రం ఘోరం. హింటర్‌లాండ్ కంపెనీ దీన్ని శిక్షతో ఆపలేదు. మూడు రోజుల పాటు పస్తు లేకుండా తిన్నవాడు 5 కిలోల బరువు అదనంగా మోయగలిగేలా చేసింది.

మనిషి చావకుండా ఉండటానికి ఎంత తక్కువ పెడితే చాలు... ఈ ప్రశ్న గేములతో పుట్టలేదు. వెంగల్ ఉన్న ఈ మద్రాసు రాజధాని నేల మీదే దాన్ని నిజం మనుషుల మీద వేశారు.

1876-78 నాటి మహాకరువును మనవాళ్లు ధాత కరువనీ, తమిళులు తాదు వరుష పంజమనీ అంటారు. ఆ ఏడాది పేరే కరువు పేరయింది. చచ్చినవాళ్లు 55 లక్షలకు పైనేనని అంచనా. అప్పటి వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో ఖర్చు తగ్గించేందుకు ఓ కొలత పెట్టాడు. కరువు పనిలో రోజంతా మట్టి తవ్వి మోసే మగమనిషికి ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. పప్పు మాట లేదు, కూరాకు మాట లేదు.

మద్రాసు ప్రభుత్వ ఆరోగ్య కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. ఊరికే కూర్చున్నవాడి ఆకలీ, గడ్డపార వేసేవాడి ఆకలీ ఒకటి కాదన్నది ఆయన వాదన. కనీసం ఒకటిన్నర పౌను, 680 గ్రాముల గింజలు, పైన పప్పూ కూరగాయలూ ఉండాలన్నాడు. పోరగా పోరగా 1877 మార్చిలో సర్కారు సగం దారి దిగొచ్చింది. 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు ఇచ్చింది. ఆ కూలికి తవ్వినవాటిలో బకింగ్‌హాం కాలువ మద్రాసు భాగం ఒకటి. ఇప్పటికీ ఆ కాలువ పులికాట్, ఎన్నూరు మీదుగానే పోతుంది. బస్సులో పోతూ కిటికీలోంచి చూసేవాళ్లకు అది మురుగునీరే. తవ్విన చేతుల కొలత 450 గ్రాములని ఏ బోర్డూ చెప్పదు.

టెంపుల్ గీత చూశాడు, కార్నిష్ మనిషిని చూశాడు. గేములు కట్టేవాళ్లు యాభై ఏళ్లు చెమటోడ్చి ఇప్పుడు చేరుతున్నది కార్నిష్ దగ్గరికే.

తింటే ఏం చేయగలడు?

2021 ఫిబ్రవరిలో స్వీడన్‌లోనే ఐరన్ గేట్ అనే చిన్న కంపెనీ 'వాల్‌హైమ్' విడుదల చేసింది. ఇందులో ఆకలితో చావడం అనేదే లేదు! తినకపోతే మనిషి బతికే ఉంటాడు గానీ బక్కప్రాణి. ప్రాణం 25 పాయింట్లే. అడవి జంతువు గట్టిగా ఒకటిస్తే సరి. ఒకేసారి మూడు రకాలు తినొచ్చు, మూడూ వేరువేరుగా ఉండాలి. తిన్నకొద్దీ ప్రాణం, దమ్ము పెరుగుతాయి. తిండి శిక్ష తప్పించుకునే దారి కాదు, పెద్ద పనికి పోయేముందు చేసుకునే తయారీ. అదే ఏడు సెప్టెంబరులో దీన్నీ మార్చారు. మాంసాల్లాంటివి ప్రాణానికి, మరికొన్ని దమ్ముకు అని విడదీశారు. కొట్లాటకు పోయేవాడి కంచం వేరు, దూరం నడిచేవాడి కంచం వేరు. రెండూ ఇచ్చే తిండి పోయిందని కొందరు ఆటగాళ్లు సణిగారనుకోండి. పెళ్లి భోజనంలో వడ తగ్గిస్తే మనవాళ్లు ఊరుకుంటారా!

ఇదే గేము వెంగల్ మడుల్లో కడితే కంచంలో ఏముండాలి? తాటిచెట్టు ఒక్కటి చాలు, కాలం చెప్పడానికి. ఎండాకాలం ముంజలు, సంక్రాంతికి తేగలు. ముంజ పొద్దున కోస్తే సాయంత్రానికి ముదురుతుంది, దాచుకోవడం కుదరదు. వేరుశనగ దాచుకోవచ్చు, గాదెలో ఎలుకలు పడకుంటే. వానలు పడి చెరువు నిండితే చేపలు. కూళు సంగతి ఇంకా తమాషా. రాగిపిండి కలిపి ఒక రాత్రి పులియబెట్టాలి, మర్నాడు నూకతో ఉడికించాలి, ఇంకో రాత్రి ఉంచి మజ్జిగ, ఉల్లిపాయ కలిపితేనే రుచి. చాలా గేముల్లో తిండి నిలవుంటే పాడవడమే తెలుసు. నిలవుంటే బాగుపడే కూళు, చద్దన్నం వాటికి తెలీవు. రేపటి ఆకలిని ఈ రాత్రే తలుచుకున్నవాడికే దక్కే తిండి ఇది. ఇంతకన్నా మంచి గేము లెక్క ఏ కంపెనీకి దొరుకుతుంది?

ఇంకోటుంది. గేముల్లో తిండి ఎక్కువగా ఒంటరి వ్యవహారం. ఎవడి సంచి వాడిది, ఎవడి గీత వాడిది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక్క కేకును మాత్రం నేల మీద పెట్టి ఏడు ముక్కలుగా పంచుకోవచ్చు. వాల్‌హైమ్‌లో 2024 చివర్లో విందులు పెట్టారు. ఒకరు వండి బల్ల మీద పెడితే చుట్టూ ఉన్నవాళ్లంతా తినొచ్చు. దీనికి స్వీడన్‌లో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నారో గానీ, ఆడినెలలో ఈ చుట్టుపక్కల అమ్మవారి గుళ్ల ముందు పెద్ద పెద్ద అండాలు దించి, వచ్చినవాడిది ఏ ఊరు, ఏ భాష అని అడక్కుండా కూళు పోస్తూనే ఉన్నారు. పెరియపాళయం భవానీ అమ్మ దగ్గరికి ఆంధ్రా నుంచి పోయేవాళ్లూ ఆ వరుసలోనే నిలబడతారు.

ఇక అరుగు మీది కుర్రాడి సంగతి. బొమ్మకు కాల్చిన మాంసం తినిపించి, గుడిసెలో పడుకోబెట్టి లోపలికి పోయేసరికి సంగటి గట్టిపడింది. 'నీళ్లు పోసి పిసుక్కో, అంతే ఇక' అందట అమ్మ.