దాణా బాకీకి వచ్చిన ఎలుగుబంటి

భర్త పోయి ఏడు నెలలైంది. పొపోవా అనే ఆ రష్యన్ జమీందారిణి నల్లబట్టలు విడవనని, గడప దాటనని ఒట్టు పెట్టుకుంది. ఆయనకు ప్రాణమైన తోబీ అనే గుర్రానికి మాత్రం ఈ పూట దాణా కాస్త ఎక్కువ వెయ్యమంటుంది. అంతలో స్మిర్నోవ్ ఊడిపడతాడు. ఒకప్పుడు ఫిరంగి దళంలో పనిచేసిన, ఎలుగుబంటి లాంటి మొరటు మనిషి. పోయినాయన తన దగ్గర అరువుకు కొన్న ఓట్స్ తాలూకు 1200 రూబుళ్లు ఇప్పుడే కావాలంటాడు. మాటా మాటా పెరిగి తగవు పిస్తోళ్ల దాకా వెళుతుంది. ఆమెకు పిస్తోలు కాల్చడం రాదు. నేర్పమని అతన్నే అడుగుతుంది! ఆ తెగువకే అతను పడిపోతాడు.

రష్యన్ రచయిత చెహోవ్ ‘ఎలుగుబంటి’ అనే ఈ చిన్న నాటకాన్ని 1888 ఫిబ్రవరిలో రాశాడు. అప్పటికి అతని వయసు 28. మాస్కోలోని కోర్ష్ థియేటర్‌లో సొలొవ్‌త్సోవ్ అనే భారీ మనిషి, భారీ గొంతు నటుడు ఒక ఫ్రెంచి నాటకంలో మొరటు నావికుడిగా వేశాడు. ఆ వేషం చూసి పుట్టిన ఆలోచన ఇది. అంకితమూ అతనికే. ప్రదర్శనకు ముందు నాటకాన్ని చదివిన సెన్సారు అధికారికి ఇది బొత్తిగా మోటుగా తోచింది, వద్దన్నాడు. పై అధికారి కొన్ని మాటలు కొట్టేయించి అనుమతించాడు. పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం అక్టోబర్ 28న కోర్ష్‌లో తెర లేచింది. స్మిర్నోవ్‌గా సొలొవ్‌త్సోవ్, పొపోవాగా రిబ్చిన్‌స్కయా. హాలంతా ఒకటే నవ్వు. చప్పట్లకు మాటలు మధ్యలోనే తెగిపోయాయి.

రాసినవాడికి మాత్రం ఇది ఉత్త కాలక్షేపం. కథలకన్నా ఇదే ఎక్కువ డబ్బు తెస్తుంటే, దీన్ని ఎలుగుబంటి అనకూడదు, పాడి ఆవు అనాలి అన్నాడు. ఈ ఒక్క విషయంలో చెహోవ్‌తో నేను ఏకీభవించను. దుఃఖం ఎంతవరకు నిజం, ఎక్కడి నుంచి పట్టుదల అన్నది ఇంత చిన్న నాటకంలో ఇంత దయగా చూపినవాళ్లు అరుదు. నటులకు ఆ సంగతి వెంటనే తెలిసింది. 1889లోనే పీటర్స్‌బర్గ్ అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్‌లో మహానటి సావినా పొపోవా వేషం కట్టింది. ఒక గది, ముగ్గురు మనుషులు, విరగ్గొట్టడానికి రెండు కుర్చీలు ఉంటే చాలు కదా, వేసవి విడుదుల్లో ఔత్సాహికులూ ఆడేశారు.

1935లో దర్శకుడు మెయెర్‌హోల్డ్ దీన్ని మరో రెండు చెహోవ్ ప్రహసనాలతో కలిపి ‘33 మూర్ఛలు’ అని ప్రదర్శించాడు. మూడింటిలో పాత్రలు సొమ్మసిల్లే ఘట్టాలన్నీ లెక్కపెట్టి, ప్రతి మూర్ఛకూ సంగీతం కట్టించాడు. పొపోవాగా ఆయన భార్య జినైదా రైఖ్. అంత గొప్ప దర్శకుడికీ ఎలుగుబంటి లొంగలేదు. అతిగా ఆలోచించి హాస్యాన్ని పోగొట్టుకున్నామని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. నాలుగేళ్లకు రైఖ్‌ను ఇంట్లోనే పొడిచి చంపారు. 1940లో ప్రభుత్వం మెయెర్‌హోల్డ్‌ను కాల్చేసింది. ఆ నవ్వుల నాటకం పక్కన ఈ రెండు చావులు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

1938లో దర్శకుడు అన్నెన్‌స్కీ ఈ నాటకాన్ని సినిమాగా తీశాడు. 1967లో ఇంగ్లండ్‌లోని ఆల్డ్‌బరా ఉత్సవంలో సంగీతకర్త విలియం వాల్టన్ దీన్ని ఒపేరాగా వినిపించాడు.

ఎవరు ఆడినా పరీక్ష చివర్లోనే. యజమానురాలిని కాపాడాలని ముసలి నౌకరు లూకా గొడ్డలి పట్టుకుని, మిగతా పనివాళ్లు దొరికింది పట్టుకుని పరుగెత్తుకొస్తారు. తీరా చూస్తే ఇద్దరూ ముద్దులో ఉన్నారు. పొపోవా కళ్లు దించుకుంటుంది. తోబీకి ఇవాళ అసలు దాణా వెయ్యొద్దని లూకాకు చెబుతుంది.