మొరాయించినప్పుడే దొరుకుతుంది

పొద్దున తాళం తిప్పగానే అందుకున్న కారు మధ్యాహ్నం ‘టక్’మని ఊరుకుంటుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే. పాత కార్లను పట్టి పీడించే ఈ సెల్ఫ్ సమస్యకు బ్యాటరీ, మోటారు, తాళం ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతున్నాం. అన్నిటికన్నా ముందు కావలసింది కారణం తేల్చే ఓపిక.

మారుతి 800 మన రోడ్ల మీదికి వచ్చింది 1983 డిసెంబరులో. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. కార్ఖానాలు ఆగినా ఆ కార్లు మాత్రం వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అది తీరాక బండి తిరగడానికి పనికొస్తుందని తేలితే అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అలా నిలబెట్టుకున్న కారు ఇంజిను చాలాసార్లు గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే ఆయిలు మార్చడం, ట్యాపెట్లు సర్దడం లాంటి పనులు అందరూ చేయిస్తారు. ఎవరూ పట్టించుకోనివి వైర్లు, వాటి చివర బిగించిన లగ్గులు, తాళం లోపలి కాంటాక్టులు. వయసు ముందుగా అక్కడే బయటపడుతుంది. పూర్తిగా తెగిన వైరును ఏ ఎలక్ట్రీషియనైనా పది నిమిషాల్లో పట్టేస్తాడు. సగం తెగిన వైరు ఒకసారి పనిచేసి, మరోసారి చేయక, వర్క్‌షాపుకు తీసుకెళ్లగానే సక్రమంగా పనిచేసి యజమానినీ మెకానిక్‌నూ ఇద్దరినీ అయోమయంలో పడేస్తుంది.

షరతు లేని లోపం ఉండదు

‘అప్పుడప్పుడూ’ అన్న మాటే మనల్ని దారి తప్పిస్తుంది. అది వింటే లోపం తనకు తోచినప్పుడు వచ్చి పోతోందన్న భావన కలుగుతుంది. విద్యుత్తుకు ఇష్టాయిష్టాలు లేవు. వేడి, చలి, తడి, కుదుపు, నిలిపి ఉంచిన కాలం... వీటిలో ఏదో ఒకటి మారినప్పుడే వలయం తీరు మారుతుంది. కాబట్టి మొదట వెతకవలసింది చెడిపోయిన భాగాన్ని కాదు, లోపం కనబడే పరిస్థితిని. నాలుగు రోజులు కదల్చకుండా ఉంచితేనే మొరాయిస్తుందా? అయితే ఏదో ఒకటి బ్యాటరీని నెమ్మదిగా తాగేస్తోంది. డిక్కీలో ఆరకుండా వెలుగుతున్న 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్ల చొప్పున రోజుకు దాదాపు 10 ఆంపియర్-అవర్లు లాగుతుంది. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగో రోజుకు ఖాళీ అవుతుంది. గతుకుల రోడ్డు దాటాక మొరాయిస్తే అది లూజ్ కాంటాక్టు. తెల్లవారుజామున చలిలో మొరాయిస్తే బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు. దూరం నడిపి, ఆపి, పావుగంటలో మళ్లీ తాళం తిప్పినప్పుడు మొరాయిస్తే అనుమానం సెల్ఫ్ మోటారు మీద కూర్చున్న అయస్కాంతపు స్విచ్ సోలినాయిడ్ మీదికి, దానికి వెళ్లే వైరు మీదికి మళ్లాలి.

ఈ చివరి పరిస్థితి మన వేసవిలో ఎక్కువగా ఎదురవుతుంది. ఇంజిను ఆపగానే లోపల నీరు తిరగడం ఆగుతుంది, ఎదురుగాలి ఉండదు, ఇనుము పట్టి ఉంచిన వేడంతా బోనెట్ కింద కమ్ముకుంటుంది. అంటే ఆపిన కాసేపటి దాకా సెల్ఫ్ మోటారు చల్లబడదు సరికదా ఇంకా వేడెక్కుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగినకొద్దీ రాగి నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. సోలినాయిడ్ చుట్ట 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని నిరోధం దాదాపు 23 శాతం పెరిగినట్టు. లోపలికి వెళ్లే కరెంటు అయిదో వంతు తగ్గుతుంది, ఆ మేరకు అయస్కాంతం పట్టు సడలుతుంది. తాళం కాంటాక్టులు కొత్తగా ఉన్నంతకాలం ఈ తగ్గుదలను బండి తట్టుకుంటుంది. పాతికేళ్ల కాంటాక్టుల దగ్గర మరో ఒకటిన్నర వోల్టు పోతే తట్టుకోలేదు. చల్లబడ్డాక పనిచేయడంలో మాయ ఏమీ లేదు. రెండు చిన్న లోపాలు కలిసినప్పుడు మాత్రమే బయటపడే ఒక పెద్ద లోపం అది.

లైట్లు వెలిగితే బ్యాటరీ బాగున్నట్టేనా?

మన దగ్గర అందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ, వైర్లు బాగున్నాయి, చెడింది సెల్ఫ్ మోటారే అంటారు. ఈ తర్కం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే సెల్ఫ్ మోటారు పుట్టుక గుర్తుచేసుకోవాలి. చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజిను స్టార్ట్ చేసే రోజుల్లో, అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ సెల్ఫ్‌ను రూపొందించాడు. 1912 మోడల్ కాడిలాక్‌లో అది అమరింది. అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో గల్లాపెట్టె తెరిచే చిన్న మోటారు మీద పనిచేశాడు. కొన్ని క్షణాలే పనిచేయాల్సిన మోటారు చిన్నదైనా దాని మీద మోయలేనంత భారం వేయవచ్చని అక్కడే గ్రహించాడు. నేటికీ సెల్ఫ్ మోటారు ఆ సూత్రం మీదే నడుస్తోంది. చిన్న పెట్రోలు కారులో సైతం తిరిగే ఆ రెండు మూడు సెకన్లలో అది 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగేది 10 ఆంపియర్లే.

బ్యాటరీ టెర్మినల్ మీద చిలుము పట్టి, అక్కడ 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. హెడ్‌లైట్ల 10 ఆంపియర్లు దాన్ని దాటేటప్పుడు పోయేది 0.1 వోల్టు. కంటికి ఆ తేడా తెలియదు. అదే చోటు నుంచి సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగబోతే పోయేది 1.5 వోల్టులు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎలాగూ 10 వోల్టుల దగ్గరికి దిగే బ్యాటరీ నుంచి ఇంకో ఒకటిన్నర వోల్టు పోయిందంటే మోటారు మూలగడమో, అసలు కదలకపోవడమో జరుగుతుంది. లైట్ల పరీక్ష అబద్ధం చెప్పలేదు. మనం అడగని ప్రశ్నకు జవాబు తీసుకున్నాం. అందుకే లైట్లను సెల్ఫ్ కొడుతూ చూడాలి. తాళం తిప్పగానే లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ గానీ దాని టెర్మినళ్లు గానీ అనుమానించాలి. ఏమాత్రం మసకబారకుండా, శబ్దం కూడా రాకపోతే కరెంటు సోలినాయిడ్ దాకా చేరడం లేదు. తాళం, రిలే, సోలినాయిడ్‌కు వెళ్లే సన్న వైరు చూడాలి. లైట్లు కాస్త తగ్గి ‘టక్’మన్న ఒక్క శబ్దంతో ఆగితే సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులో, మోటారు కార్బన్లో అరిగి ఉండవచ్చు. ‘టకటకటక’మని వరసగా కొట్టుకుంటే వోల్టేజీ నిలవడం లేదని అర్థం.

‘మార్చి చూద్దాం’ ఎందుకు నమ్మకూడదు

పదిసార్లలో ఒకసారి మొరాయించే కారు ఒకటి ఉందనుకోండి. బ్యాటరీ కొత్తది వేశారు. మర్నాటి నుంచి వరసగా పదిసార్లు చక్కగా స్టార్టయింది. సమస్య తీరినట్టేనా? ఏ బాగుసేతా జరగకపోయినా ఆ కారు వరసగా పదిసార్లు స్టార్టయ్యే అవకాశం 35 శాతం ఉంటుంది. అంటే మూడింట ఒక వంతుకు పైగా. ఆ అవకాశం 4 శాతానికి తగ్గాలంటే 30 సార్లు మొరాయించకుండా స్టార్టవ్వాలి. పైగా ఎండలో వేడెక్కినప్పుడే కనిపించే లోపమైతే 30 చల్లటి ఉదయాలు కూడా ఏమీ నిరూపించవు. పరీక్ష జరగవలసింది లోపం వచ్చే పరిస్థితిలోనే. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొత్త బ్యాటరీ పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ చిలుము గీకి, క్లాంపులు గట్టిగా బిగిస్తాడు. జబ్బు చిలుములోనే ఉంటే ఆ గీకుడుతోనే నయమవుతుంది, పేరు మాత్రం వేల రూపాయల బ్యాటరీకి వస్తుంది. సెల్ఫ్ మోటారు విప్పి బిగించినా ఇంతే. బోల్టు కింద తుప్పు రాలి ఎర్త్ కుదురుకుంటుంది. నెలల తర్వాత తుప్పు మళ్లీ పేరుకుంటే, ‘కొత్త మోటారు కూడా పోయింది’ అన్న తప్పుడు తీర్పు వెలువడుతుంది.

వలపన్ని పట్టుకోవడం ఇలా

మొదటి పని విభజన. మోటారు తిరుగుతూ ఇంజిను అందుకోకపోతే అది పెట్రోలు, స్పార్కుల వ్యవహారం. మోటారే తిరగకపోతేనే మన విషయం. రెండో పని బ్యాటరీని నిలకడగా కొలవడం. రాత్రంతా ఊరకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. ఇంజిను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మూడోది, అన్నిటిలోకి ముఖ్యమైనది, దారిలో పోతున్న వోల్టేజీని కొలవడం. పాత పెట్రోలు కారులో ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే వైరు తప్పిస్తే ఇంజిను అందుకోదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద, రెండోది సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో అడ్డంకి ఉంది. నెగటివ్ స్తంభం నుంచి మోటారు ఒంటికి కొలిస్తే 0.2, 0.3 వోల్టులకు మించకూడదు. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి బాడీతో దానికి సంబంధం కలిపేది ఎర్త్ పట్టీ ఒక్కటే. అది తెగితే కరెంటు క్లచ్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుళ్లు వేడెక్కితే పట్టీ సంగతి చూడాలి.

ఇదే పనికి ఓమ్ మీటరు పనికిరాదు. మీటరు వైర్ల సొంత నిరోధమే 0.2 ఓమ్ దాకా ఉంటుంది. మనం వెతికే 0.01 ఓమ్ అందులో కలిసిపోతుంది. పైగా సన్న పోగు ఒక్కటి మిగిలిన వైరు కూడా ఓమ్ మీటరు ముందు బాగున్నట్టే నిలబడుతుంది. భారం పడినప్పుడే బండారం బయటపడుతుంది. మరి వర్క్‌షాపుకు రాగానే లోపం మాయమైతే? దాని కోసం కాపు కాయాలి. సోలినాయిడ్ సన్న వైరు తగిలే చోటి నుంచి ఒక వైరును చిన్న ఫ్యూజుతో డ్యాష్‌బోర్డు దాకా తెచ్చి, 12 వోల్టుల చిన్న బల్బు తగిలించి, దాని రెండో కొసకు ఎర్త్ ఇవ్వాలి. కారు మొరాయించిన రోజున తాళం తిప్పి బల్బు చూడాలి. వెలగకపోతే తప్పు తాళం వైపు ఉంది, నిండుగా వెలిగితే మోటారు వైపు ఉంది, మిణుకుమంటే దారిలో వోల్టేజీ పోతోంది. పది భాగాల అనుమానం ఒక్క చూపుతో సగానికి తగ్గిపోతుంది. రోడ్డు మీద స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ బోల్టులు రెండూ కలిపే అలవాటును మాత్రం మానుకోవాలి. గేరులో ఉన్న బండి మనిషి మీదికి దూకుతుంది. బ్యాటరీ దగ్గర రవ్వ లేస్తే అక్కడి హైడ్రోజన్ అంటుకోవచ్చు.

అనుభవం చాలదా?

విజయవాడ ఆటోనగర్‌లోనో మరో ఊళ్లోనో చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ శబ్దం వినే లోపం చెబుతాడు, ఈ మీటర్లూ లెక్కలూ ఎందుకు అని అడగవచ్చు. ఆ చెవిని తక్కువ చేయడం తగదు. ఏ అనుమానంతో మొదలుపెట్టాలో అంత త్వరగా చెప్పగలిగింది ఇంకొకటి లేదు. అయితే అనుభవం చెప్పేది ఎక్కువ బండ్లలో ఏం జరుగుతుందో. ఈ ఒక్క బండిలో ఏం జరిగిందో చెప్పవలసింది కొలత. ఇంకొందరు, రిలే ఒకటి పెట్టేస్తే పాత కార్ల సమస్య తీరుతుంది కదా అంటారు. సోలినాయిడ్ కరెంటంతా తాళం గుండానే వెళ్లే పాత కార్లలో రిలే మంచి మందే, ఎందుకంటే కాంటాక్టుల మీద భారం దించుతుంది. కానీ జబ్బు ఎర్త్ పట్టీలో ఉంటే రిలే చేయగలిగింది శూన్యం. తాళం దగ్గరే వోల్టేజీ పోతోందని కొలిచాక పెడితే అది వైద్యం, కొలవకుండా పెడితే మరో పందెం.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం డబ్బుది. పాత బండి మీద గంటల తరబడి వెతకడం ఎవరికి గిట్టుబాటు? నిజమే, మెకానిక్‌కు గిట్టదు, ఎందుకంటే మనం సామానుకు డబ్బులిస్తాం, వెతికినందుకు ఇవ్వం. ‘ఊరికే చూసినందుకు కూడా డబ్బులా?’ అనే యజమాని, తెలియకుండానే భాగం మార్చమని ఎలక్ట్రీషియన్‌ను తోస్తున్నాడు. ఆ లెక్కలో నష్టపోయేది చివరికి యజమానే. మీటరు ఖరీదు కొన్ని వందలు, చెప్పిన కొలతలన్నిటికీ పట్టేది గంటలోపు సమయం. అనవసరంగా మారిన ఒక్క సెల్ఫ్ మోటారు అంతకు ఎన్నో రెట్లు. పైగా విప్పి తీసిన పాత మోటారు గట్టిదై, దాని స్థానంలో వచ్చిన నాసిరకం మోటారు కొత్త జబ్బులు తెచ్చే ప్రమాదం పాత కార్లకే ఎక్కువ, ఎందుకంటే అసలు విడిభాగాలు దొరకడం ఏటికేడూ కష్టమవుతోంది.

కాబట్టి కారు మొరాయించిన రోజును చెడ్డ రోజుగా చూడకండి. లోపం చేతికి చిక్కేది ఆ ఒక్క రోజే. కంగారుపడి తోయించే ముందు ఒక్క నిమిషం ఆగండి. గంట ఎంతయింది, ఎండ ఎలా ఉంది, బండి ఎంతసేపు ఆగి ఉంది, ఏ శబ్దం వచ్చింది, లైట్లు ఏమయ్యాయి... ఈ అయిదూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగు నమోదులు అయ్యేసరికి లోపం ఏ షరతు మీద వస్తోందో కనబడటం మొదలవుతుంది. ఆ పుస్తకం ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టి, ముందు కొలవమని అడగండి. భాగం ఏదీ మార్చకుండా, ఒక బోల్టు బిగించి కారణం తేల్చినా సరే, అతని సమయానికి తగిన కూలి చేతిలో పెట్టండి. మీ పాత కారుకు మీరు చేయగల సిసలైన రిపేరు అదే.