సెలవుల్లో మన పిల్లలను ఎవరు చూస్తున్నారు?



వేసవి సెలవులు రాగానే పిల్లలను తీసుకొని అమ్మమ్మగారి ఊరికో, నాయనమ్మగారి ఊరికో బయలుదేరుతాం. అటువంటి కుటుంబ ప్రయాణం ఒకటి లూకా సువార్త 2వ అధ్యాయంలో ఉంది. యేసుకు 12 ఏండ్ల వయస్సులో మరియ, యోసేపు ఆయనతో కలిసి పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో, బిడ్డ బంధువుల గుంపులో ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచారు. వెదికితే కనబడలేదు. మూడు దినాల తర్వాత దేవాలయంలో దొరికాడు.

వారు బాధ్యత తెలియని తల్లిదండ్రులు కారు. ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకున్నారు, అంతే. చుట్టాల ఇంట మనమూ అలాగే అనుకుంటాం. పదిమంది పెద్దలున్న ఇంట్లో కూడా పసిబిడ్డను ఎవరూ చూడని ఐదు నిమిషాలు ఉంటాయి.

నీటి దగ్గర జాగ్రత్త

చెరువు, కాలువ, బావి, సముద్రం మాత్రమే కాదు, పెరట్లో నీళ్ళ తొట్టి, స్నానాల గదిలో నిండు బకెట్టు కూడా చిన్నపిల్లలకు ప్రమాదమే. మునిగిపోయే బిడ్డ చాలాసార్లు కేక వేయలేదు. కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు. అందుచేత "పిల్లలను చూస్తూ ఉండండి" అని అందరితో అనవద్దు. "వదినా, నేను వచ్చేదాకా బాబును నువ్వే చూడు" అని ఒక్కరికి పేరుపెట్టి అప్పగించండి. నీటి దగ్గర ఆ మనిషి చేతికి అందేంత దూరంలోనే బిడ్డ ఉండాలి. వాడిన తర్వాత బకెట్లు, తొట్లు బోర్లించండి.

విరేచనాలు పట్టుకుంటే

ఊరు మారినప్పుడు కలుషితమైన నీరు, ఈగలు వాలిన తిండి వలన విరేచనాలు రావచ్చు. కాచి చల్లార్చిన నీరు, నాలుగైదు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు వెంట ఉంచుకోండి. ప్యాకెట్టు మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్ళలో ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనమైన ప్రతిసారి రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. తిండి మాన్పించవద్దు.

కళ్ళు లోపలికి పోయినా, మూత్రం బాగా తగ్గినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఎదుగుదలను గమనించండి

రోజూ చూసే కళ్ళకు ఎదుగుదల తెలియదు. ఏడాదికొకసారి చూసే అమ్మమ్మ "అబ్బో, ఎంత ఎదిగావురా!" అంటుంది. లేక "వీడేమిటి, చిక్కిపోయాడు?" అంటుంది. ఆ మాటకు కోపం తెచ్చుకోక, ఒకసారి కొలిచి చూడండి.

బిడ్డను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తలపై పుస్తకం సమంగా ఉంచి, పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వచ్చే ఏడాది అక్కడే మళ్ళీ కొలవండి. పుట్టినప్పుడు సుమారు 50 సెం.మీ. ఉండే బిడ్డ ఏడాదికి 75, నాలుగేళ్ళకు 100 సెం.మీ. వరకు ఎదుగుతుంది. ఆ తర్వాత యుక్తవయస్సు వచ్చేదాకా ఏటా 5 లేక 6 సెం.మీ. పెరుగుతుంది. ఏడాదిలో 4 సెం.మీ. కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించండి.

పిన్ని కొడుకుతో మన బిడ్డను పోల్చి చిన్నబుచ్చవద్దు. పొడవు, లావు కొంత వంశాన్ని బట్టి వస్తాయి. నిరుటి కొలతతోనే ఈ ఏటి కొలతను పోల్చాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు అంగన్వాడీలో నెలనెలా బరువు తూయించి, తల్లీబిడ్డల కార్డులో గుర్తు పెట్టించండి. ఆ గీత పైకి పోక, అడ్డంగా సాగినా, కిందికి దిగినా అది హెచ్చరికే.

9 నెలలకు ఆనిక లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలుకకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఊరుకోవద్దు. త్వరగా చూపిస్తే చికిత్స వలన మేలు ఎక్కువ.

ఇప్పుడు మీరు రోగికి తోడుగా ఆసుపత్రిలో ఉండి, ఇంటి దగ్గర పిల్లలను చుట్టాలకు వదిలి వచ్చారేమో. ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్క ఫోను చేయండి. "పిల్లలు బాగున్నారా?" అని మాత్రమే కాక, "ఇప్పుడు వాళ్ళ దగ్గర ఎవరున్నారు?" అని అడగండి.

లూకా రాసిన ఆ అధ్యాయం బిడ్డ తప్పిపోవడంతో ముగియదు. ఆయన తల్లిదండ్రులతో ఇంటికి వెళ్ళి, జ్ఞానంలోనూ శరీరంలోనూ ఎదిగాడని చెప్పి ముగుస్తుంది. దేవుడు మనకు అప్పగించిన బిడ్డలు కూడా మన కళ్ళ ముందు అలాగే ఎదుగుదురు గాక.